పెట్‌ని వెనక్కి పిలవడం రాకపోతే హంటర్ ఆడటం రానట్టే

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ అనే ఆన్‌లైన్ ఆటలో డంజన్‌కి, అంటే అయిదుగురు కలిసి శత్రువులతో పోరాడే చోటికి, పార్టీ కడుతున్నప్పుడు మేజ్ (మంత్రగాడు) వస్తానంటే ఎవరూ ఆలోచించరు. వార్‌లాక్ వస్తానన్నా అంతే. విల్లుతో కొడుతూ, వెంట ఒక పెంపుడు జంతువుని (పెట్) తిప్పుకునే హంటర్ వస్తానంటే మాత్రం లీడర్ ఒక్క క్షణం ఆగుతాడు. "పెట్‌ని కంట్రోల్‌లో పెట్టుకుంటావా?" అంటాడు, లేదా "మల్టీ-షాట్ చూసుకుని వెయ్యి" అంటాడు. ఇంకా మనం ఒక్క బాణం కూడా వెయ్యలేదు, అప్పుడే హెచ్చరిక వచ్చేసింది. ఏళ్ల తరబడి ఈ క్లాస్‌నే (పాత్ర రకాన్నే) ఆడుతున్న నాకు ఈ మాట విన్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. అయినా ఆ లీడర్ల మీద కోపం రాదు. ఆ అనుమానం అనుభవంలోంచి పుట్టిందే. చెడ్డ హంటర్‌తో ఒక్కసారి డంజన్‌కి వెళ్లినవాడు ఆ సాయంత్రాన్ని అంత తేలిగ్గా మర్చిపోడు.

హంటర్ తేలికైన క్లాస్ అని అందరూ అంటారు. అది సగం నిజం. ఒంటరిగా తిరిగినంతకాలం ఇంతకంటే సుఖమైన క్లాస్ ఈ ఆటలో లేదు. కానీ అయిదుగురిలో ఒకడిగానో, 40 మందిలో ఒకడిగానో ఆడేటప్పుడు డ్యామేజ్ క్లాసులన్నిటిలోకీ ఎక్కువ జాగ్రత్త కావల్సింది హంటర్‌కే. ఆ జాగ్రత్తలో పెద్ద భాగం కొట్టడానికి సంబంధించింది కాదు. పెట్‌ని ఆపడం, బాణాన్ని ఆపడం, కాలు ఆపడం, వేలు ఆపడం: మంచి హంటర్‌నీ మామూలు హంటర్‌నీ వేరు చేసేవి ఇవే. ఎవరు ఎంత కొట్టారో చూపించే డ్యామేజ్ మీటర్‌లో ఇవేవీ కనపడవు. అందుకే ఎవరూ నేర్పరు, అందుకే ఈ వ్యాసం.

నేను మాట్లాడుతున్నది పాత ఆట గురించి. వార్‌క్రాఫ్ట్ 2004 నవంబర్‌లో విడుదలైంది. గరిష్ఠ లెవెల్ 60గా ఉన్న ఆ మొదటి రూపాన్నే 2019 ఆగస్టులో క్లాసిక్ పేరుతో మళ్లీ తెచ్చారు. ఆ తర్వాతి విస్తరణ బర్నింగ్ క్రూసేడ్ గురించి కూడా కొంత చెబుతాను, ఎందుకంటే పెట్ విలువ లెక్కల్లోకి ఎక్కింది అక్కడే.

పదో లెవెల్ దాకా హంటర్‌కి పెట్ ఉండదు. పదిలో జంతువుని మచ్చిక చేసుకునే క్వెస్ట్ వస్తుంది, ఆ రోజు నుంచి ఆట స్వరూపమే మారిపోతుంది. పెట్‌ని పంపిస్తాం. అది గ్రౌల్ వేసి శత్రువుని తన మీదకి తిప్పుకుంటుంది. మనం 35 గజాల దూరంలో నిలబడి బాణాలు వేస్తాం. దాని ఆరోగ్యం తగ్గితే మెండ్ పెట్ వేస్తాం. ఇద్దరు శత్రువులు ఒకేసారి మీద పడితే వారియర్ బెంబేలెత్తిపోయే చోట హంటర్ ఒకణ్ణి పెట్‌కి అప్పగించి రెండోవాడి సంగతి తాపీగా చూసుకుంటాడు.

తిప్పలన్నీ ఈ సుఖంలోనే మొదలవుతాయి. 10 నుంచి 60 దాకా ఆట హంటర్‌కి చెప్పే పాఠం ఒక్కటే: పంపు, కొట్టు, ముందుకి నడువు. గ్రౌల్ ఎప్పుడూ ఆన్‌లో ఉంటుంది. పెట్ దారిలో ఇంకో పందిని తగిలించుకొచ్చినా దాన్నీ చంపేస్తాం, ఇంకాస్త అనుభవం పాయింట్లు వస్తాయి. తప్పు చేస్తే దెబ్బ తగలదు. వారియర్‌కీ ప్రీస్ట్‌కీ ప్రతి పోరాటంలోనూ ఆట మొట్టికాయ వేసి నేర్పిస్తుంది. హంటర్‌కి మాత్రం ముప్ఫై నలభై లెవెళ్ల పాటు వెన్ను తట్టి పంపిస్తుంది. ఆ అలవాట్లన్నీ మూటగట్టుకుని అతను డంజన్‌లో అడుగుపెడతాడు.

డంజన్‌లో హంటర్ చెయ్యాల్సిన మొదటి పని గ్రౌల్ ఆపెయ్యడం. పెట్ బార్‌లో గ్రౌల్ బొమ్మ అంచున మెరుపు తిరుగుతూ ఉంటే అది తనంతట తాను పడుతోందని అర్థం. దాని మీద రైట్ క్లిక్ చేస్తే ఆ మెరుపు పోతుంది. చెయ్యకపోతే ఏమవుతుందో చూడండి. ట్యాంక్ (దెబ్బలన్నీ తన మీదకి తీసుకునే ఆటగాడు) శత్రువుని గోడ వైపు తిప్పి నిలబెట్టుకుంటాడు, మిగతావాళ్లు వెనక నుంచి కొడుతుంటారు. మన పెట్ గ్రౌల్ వేస్తుంది. శత్రువు ఇటు తిరుగుతుంది, ట్యాంక్ లాక్కుంటాడు, అయిదు సెకన్లకి మళ్లీ గ్రౌల్. ముందున్నవాళ్లందరికీ తగిలే దెబ్బ కొట్టే శత్రువైతే ఆ తిరుగుడులో దగ్గరగా నిలబడి కత్తులతో కొట్టే రోగ్ పడిపోతాడు. హీలర్ ఎవరిని కాపాడాలో తెలియక సతమతమవుతాడు. నింద మాత్రం ట్యాంక్‌కి పోతుంది, "అగ్రో పట్టుకోలేకపోతున్నాడు" అని, అంటే శత్రువు దృష్టిని తన మీద నిలుపుకోలేకపోతున్నాడని. పెట్ వల్లే ఇదంతా అని ఆ పార్టీలో ఎవరికీ తట్టకపోవచ్చు. నిజం తెలిసినవాడు హంటర్ ఒక్కడే, అదీ అతను తన పెట్ బార్ వైపు చూస్తుంటే.

రెండోది, పెట్‌ని పాసివ్‌లో పెట్టడం. పెట్‌కి మూడు స్వభావాలు ఉన్నాయి: అగ్రెసివ్, డిఫెన్సివ్, పాసివ్. అగ్రెసివ్‌లో ఉంటే కనపడిన దాని మీదకల్లా దూకుతుంది. దాన్ని డంజన్‌లో వాడటం పార్టీకి ద్రోహం చెయ్యడమే, ఇంకో మాట లేదు. వాదనంతా డిఫెన్సివ్ గురించే. చాలామంది డిఫెన్సివ్ చాలంటారు: మనల్ని ఎవరైనా కొడితేనే అది కదులుతుంది కదా అని. నేను ఒప్పుకోను. మేజ్ ఒక శత్రువుని గొర్రెగా మార్చి పక్కన పెట్టాడనుకోండి. ఆ గొర్రె కాక ముందు అది మన మీద ఒక దెబ్బ వేసి ఉంటే, డిఫెన్సివ్‌లో ఉన్న పెట్ దాని మీదకి పోవడానికి సిద్ధంగా ఉంటుంది. గొర్రె వేషం ఒక్క కాటుతో పోతుంది. పాసివ్‌లో ఉంటే మనం చెప్పేదాకా అది కదలదు. పంపడానికి ఒక కీ, వెనక్కి పిలవడానికి ఒక కీ, రెండూ వేలికి అందే చోట పెట్టుకోవాలి. మౌస్‌తో పెట్ బార్ వెతుక్కునేవాడికి వెనక్కి పిలిచే సమయం ఎప్పుడూ దొరకదు. పంపే కీ అందరూ పెట్టుకుంటారు. పిలిచే కీ పెట్టుకున్నవాళ్లని నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను.

మూడోది దూకడం. మా పిన్ని కొడుకు హంటర్ మొదలుపెట్టి మాతో గ్నోమరెగన్ అనే డంజన్‌కి వచ్చాడు. అక్కడ చుట్టూ తిరిగే దారి తప్పించుకోవడానికి పైనుంచి కిందికి దూకే చోటు ఒకటుంది. అందరం దూకాం. కాసేపు ప్రశాంతంగానే ఉంది. హెడ్‌సెట్‌లో వాడి గొంతు వినిపించింది.

"అన్నా, నా పులి ఎక్కడికి పోయింది?"

"దూకే ముందు డిస్మిస్ చేశావా?"

"చెయ్యాలా? అదే వస్తుంది కదా అనుకున్నా."

అదే వచ్చింది. పెట్‌కి దూకడం రాదు. మనం దూకితే అది నడిచే దారి వెతుక్కుంటుంది, ఆ దారిలో ఉన్న ప్రతి గుంపు పక్క నుంచీ పరిగెత్తుకుంటూ వస్తుంది. దాని వెనకాల అక్కడి శత్రువులైన ట్రాగ్‌లు బారులు తీరి వచ్చాయి. ట్యాంక్ ఒక్క మాట అన్నాడు, "పరిగెత్తండి". పరిగెత్తడానికి చోటు లేదు. అందరం పడ్డాం. మా వాణ్ణి నేను ఏమీ అనలేదు, అనాలనిపించలేదు కూడా. పెట్‌ని మళ్లీ పిలిచేదాకా మాయం చేసే డిస్మిస్ పెట్ అనే బటన్ తన దగ్గర ఉందని వాడికి తెలుసు. దాంతో పనేమిటో అప్పటిదాకా ఆట ఒక్కసారి కూడా చూపించలేదు. ఆ రోజు తర్వాత ప్రతి అంచు దగ్గరా ముందు ఆగేది వాడే.

డిస్మిస్ గురించి మాట వచ్చింది కాబట్టి ఒక పాత సంగతి. 2005 సెప్టెంబర్‌లో జుల్‌గురుబ్ అనే రైడ్ (ఎక్కువమంది కలిసి వెళ్లే పెద్ద డంజన్) వచ్చింది. అందులో చివరి బాస్ హక్కర్ ఆటగాళ్లకి కరప్టెడ్ బ్లడ్ అనే అంటురోగం తగిలిస్తాడు. అది ఆ రైడ్ లోపలే ఉండిపోవాల్సింది. కానీ రోగం తగిలిన పెట్‌ని హంటర్లూ వార్‌లాక్‌లూ లోపలే డిస్మిస్ చేసి, ఊరికొచ్చాక మళ్లీ పిలిచారు. డిస్మిస్ చేసినప్పుడు రోగం తగ్గలేదు, ఉన్నది ఉన్నట్టు దాగి ఉంది. పెద్ద నగరాల్లో వందల మంది చచ్చిపడ్డారు, సర్వర్లు రీసెట్ చెయ్యాల్సి వచ్చింది. తర్వాత 2007లో అంటువ్యాధుల పరిశోధకులు నిజమైన మహమ్మారుల్లో మనుషుల ప్రవర్తన అర్థం చేసుకోవడానికి ఈ ఘటన మీద వ్యాసం రాశారు. ఆట చరిత్రలో అంత పెద్ద కలకలానికి దారి తీసింది పెట్‌ని పిలిచే ఒక్క బటన్. హంటర్ చేతిలో ఉన్నది చిన్న వ్యవహారం కాదని చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి సాక్ష్యం అక్కర్లేదు.

పెట్ తర్వాత బాణాలు. ఇక్కడ కూడా ఎక్కువ నష్టం చేసేది ఆత్రమే.

మల్టీ-షాట్ ఒకేసారి మూడు లక్ష్యాలకి తగులుతుంది. మొదటిది తప్ప మిగతావి ఏవో మనం ఎంచుకోలేం. దగ్గర్లో గొర్రె ఉంటే గొర్రెకీ తగులుతుంది, మన ఫ్రీజింగ్ ట్రాప్‌లో గడ్డకట్టిన శత్రువుకీ తగులుతుంది. గొర్రె ఉన్న పోరాటాల్లో దాన్ని వాడకపోతే మీటర్‌లో మన పేరు ఒక మెట్టు దిగుతుంది. దిగనివ్వండి. లేదంటే రెండడుగులు పక్కకి జరిగి, గొర్రె దూరంగా ఉండేలా చూసుకుని వెయ్యండి. సర్పెంట్ స్టింగ్ కూడా ఇలాంటిదే. దాని విషం 15 సెకన్ల పాటు మూడేసి సెకన్లకి కొరుకుతూ ఉంటుంది. తర్వాత ట్రాప్‌లో వెయ్యాల్సిన శత్రువుకి ముందే స్టింగ్ వేస్తే, గడ్డకట్టిన మూడు సెకన్లలోపే విషం దాన్ని లేపేస్తుంది.

ట్రాప్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే హంటర్ పనితనం మొత్తం ఆ నాలుగైదు సెకన్లలో కనపడుతుంది. క్లాసిక్‌లో పోరాటం మధ్యలో ట్రాప్ వెయ్యనివ్వరు. ముందే వేసి శత్రువుని దాని మీదకి లాక్కురావాలి. పోరాటం మొదలయ్యాక ఇంకోటి కావాలంటే ఒకటే దారి: 30వ లెవెల్‌లో వచ్చే ఫేన్ డెత్. చచ్చినట్టు పడిపోతే శత్రువులు మనల్ని వదిలేస్తాయి, మనం పోరాటంలోంచి బయటపడతాం, ఆ కాస్త సందులో ట్రాప్ వేసెయ్యాలి. చాలామంది ఇక్కడ ఫేన్ డెత్ నొక్కుతారు, ట్రాప్ నొక్కుతారు, ట్రాప్ పడదు, ఆటని తిట్టుకుంటారు. కారణం పెట్. అది ఇంకా ఎవరినో కరుస్తూనే ఉంది. పెట్ పోరాటంలో ఉంటే మనల్నీ వెంటనే అందులోకి లాగేస్తుంది. కాబట్టి వరస ఇది: ముందు పెట్‌ని వెనక్కి పిలవాలి, అది శత్రువుని వదిలిందని చూసుకోవాలి, అప్పుడు ఫేన్ డెత్, వెంటనే ట్రాప్, ఆ తర్వాతే పెట్‌ని మళ్లీ వేరే శత్రువు మీదకి పంపాలి. పిలిచే కీ లేనివాడికి ఈ వరసలో మొదటి మెట్టే ఉండదు. ట్రాప్‌లో పడిన శత్రువు మీదకి మళ్లీ పెట్‌ని పంపి, వేసిన మంచుని తానే పగలగొట్టే హంటర్లని కూడా చూశాను. వాళ్ల పక్కన నిలబడి హీల్ చేసే ప్రీస్ట్‌ల ఓపికకి దండం పెట్టాలి.

ఫేన్ డెత్‌కి ఇంకో వాడకం ఉంది, రైడ్‌లలో ప్రాణం నిలిపేది అదే. డ్యామేజ్ ఎక్కువైతే బాస్ చూపు మన మీదకి తిరుగుతుంది. మేజ్‌కి అప్పుడు చేతులు కట్టుకుని ఆగడం తప్ప పెద్దగా దారి లేదు. హంటర్ పడిపోయి లేస్తే థ్రెట్ (బాస్‌కి మన మీద పేరుకున్న కోపం లెక్క) సున్నాకి వస్తుంది. దాని కూల్‌డౌన్ (మళ్లీ వాడేదాకా ఆగాల్సిన సమయం) 30 సెకన్లే. అయినా హంటర్లు దాన్ని ప్రమాదం వచ్చినప్పుడు వాడే ఆఖరి అస్త్రంలా దాచుకుంటారు. దాచుకోకూడదు. ఒక్కోసారి బాస్ దాన్ని రెసిస్ట్ చేస్తాడు, అంటే అది పనిచెయ్యదు. ఆఖరి క్షణంలో నొక్కి అది రెసిస్ట్ అయితే చావు తప్పదు. థ్రెట్ ఇంకా తక్కువగా ఉండగానే ఒకసారి పడిపోతే, రెసిస్ట్ అయినా రెండోసారికి సమయం మిగులుతుంది.

ఇప్పుడు ఆటో షాట్, అంటే బటన్ నొక్కకుండానే వరసగా వెళ్లే బాణం. హంటర్ డ్యామేజ్‌కి వెన్నెముక ఇదే, కనపడే మెరుపులూ పెద్ద అంకెలూ కావు. విల్లుకి ఒక వేగం ఉంటుంది. 60వ లెవెల్ హంటర్లు కలలు కనే రోక్‌డెలార్ విల్లు వేగం 2.9 సెకన్లు. మంచి అంబులపొది ఉంటే 15 శాతం వేగం కలుస్తుంది, అంటే దాదాపు 2.5 సెకన్లకి ఒక బాణం. ఆ రెండున్నర సెకన్లలో చివరి అర సెకను హంటర్ కదలకుండా నిలబడాలి. కదిలితే బాణం వెళ్లదు. మిగతా రెండు సెకన్లు స్వేచ్ఛగా నడవచ్చు, పరిగెత్తచ్చు. ఈ లయ ఒంటికి పట్టినవాడు నడుస్తూనే దాదాపు పూర్తి డ్యామేజ్ చేస్తాడు. పట్టనివాడు ఒకచోట నిలబడి కూడా బాణాలు పోగొట్టుకుంటాడు.

నిలబడి ఎలా పోగొట్టుకుంటాడంటే, ఎయిమ్‌డ్ షాట్‌తో. దాని కాస్ట్ (నొక్కాక బాణం వదలడానికి పట్టే సమయం) 3 సెకన్లు. ఆ మూడు సెకన్లూ ఆటో షాట్ వెళ్లదు. ఆటో షాట్ వదలబోతుండగా ఎయిమ్‌డ్ నొక్కితే, చేతికందిన బాణాన్ని మూడు సెకన్లు వెనక్కి నెట్టినట్టు. ఆటో బాణం వదిలిన మరుక్షణం నొక్కితే పోయేది చాలా తక్కువ. బటన్ వెలిగిందని వెంటనే నొక్కడం మేజ్‌కి మంచి అలవాటు, హంటర్‌కి కాదు. హంటర్ వెలిగిన బటన్ ముందు ఒక సెకను, ఒక్కోసారి ఒకటిన్నర సెకన్లు, ఊరికే కూర్చోగలగాలి. ఆటో షాట్ టైమర్‌ని గీతగా చూపించే యాడాన్లు (ఆటకి కలుపుకునే చిన్న ప్రోగ్రాములు) ఉన్నాయి, తప్పకుండా పెట్టుకోండి. బర్నింగ్ క్రూసేడ్‌లో ఎయిమ్‌డ్ స్థానంలోకి స్టెడీ షాట్ వచ్చింది, కాస్ట్ 1.5 సెకన్లు. అక్కడ లయ ఇంకా బిగువుగా ఉంటుంది: ఒక ఆటో, ఒక స్టెడీ, మళ్లీ ఒక ఆటో.

ఇండియా నుంచి ఆడేవాళ్లకి ఇందులో అదనపు కష్టం ఉంది. ఈ ఆటకి మన దేశంలో సర్వర్లు లేవు. యూరప్ సర్వర్లోనో, అమెరికా, ఆస్ట్రేలియా సర్వర్లోనో ఆడాలి. హైదరాబాద్ నుంచి నాకు మంచి రోజున కూడా పింగ్ (సర్వర్‌కి సంకేతం వెళ్లి రావడానికి పట్టే సమయం) 150 మిల్లీసెకన్లకి తగ్గదు, సాయంత్రాలు 250 దాటుతుంది. అర సెకను కదలకూడదు అన్నచోట పావు సెకను దారిలోనే పోతుంది. స్క్రీన్ మీద బాణం వెళ్లేలా కనపడినప్పుడు ఆగితే అప్పటికే ఆలస్యం. ఫాస్ట్ బౌలర్‌ని ఆడేటప్పుడు బంతి చేతిలోంచి వదిలేలోపే బ్యాట్స్‌మన్ కాలు కదిపినట్టు, మనం కొంచెం ముందే ఆగాలి. ఎంత ముందో ఎవరి పింగ్‌ని బట్టి వాళ్లకి. నా ఉద్దేశంలో ల్యాగ్ ఉన్న చోటి నుంచి ఆడే హంటర్లకి ఈ లయ ఇంకా లోతుగా తెలుస్తుంది, ఎందుకంటే వాళ్లు కళ్లని నమ్మి ఆడలేరు, లెక్కని నమ్మి ఆడాలి. అమెరికాలో ఉన్న మా స్నేహితులు 30 పింగ్‌తో ఆడుతూ ఈ సంగతే ఎప్పుడూ ఆలోచించలేదంటే మొదట్లో నమ్మలేకపోయాను.

40 మంది రైడ్‌లో ఈ ఆగడం పదిమంది హంటర్ల ఉమ్మడి పని అవుతుంది. మోల్టెన్ కోర్‌లో రెండో బాస్ మాగ్మడార్ ఉన్నట్టుండి పిచ్చి పట్టినట్టు వేగంగా కొడతాడు. ఆ పిచ్చి దించేది ఒక్క హంటరే, ట్రాంక్విలైజింగ్ షాట్‌తో. ఆ విద్య నేర్పే పుస్తకం కూడా అదే రైడ్‌లో మొదటి బాస్ లూసిఫ్రాన్ దగ్గర దొరుకుతుంది. మాగ్మడార్ దగ్గర హంటర్లు వరస పెట్టుకుంటారు: మొదటి పిచ్చికి ఒకరు, రెండోదానికి ఇంకొకరు. ఒకరు ఆత్రపడి తన వంతు కాకుండా వేసేస్తే ఇద్దరివీ ఒకేసారి పోతాయి, తర్వాతి పిచ్చికి ఎవరి దగ్గరా షాట్ ఉండదు, ట్యాంక్ చచ్చిపోతాడు. తన వంతు వచ్చేదాకా వేలు ఆపుకోవడమే అక్కడ హంటర్ ఇచ్చే సాయం.

ఆట తయారుచేసినవాళ్లకి ఈ సంగతి తెలుసనే నా నమ్మకం. రోక్‌డెలార్ విల్లు ఎలా వస్తుందో చూడండి. మాగ్మడార్ ఉండే రైడ్‌లోనే మేజర్‌డోమో అనే బాస్ పెట్టెలో ఒక ఆకు దొరుకుతుంది. దాంతో మొదలయ్యే క్వెస్ట్‌లో నలుగురు రాక్షసుల్ని చంపాలి. సిలిథస్‌లో ఒకడు, వింటర్‌స్ప్రింగ్‌లో ఒకడు, బర్నింగ్ స్టెప్స్‌లో ఒకడు, ఉన్‌గోరో క్రేటర్‌లో ఒకామె. మనుషుల వేషంలో మామూలుగా తిరుగుతుంటారు. హంటర్ ఒంటరిగానే చంపాలి, వేరేవాళ్ల చెయ్యి పడకూడదు. ఎదురుగా నిలబడి కొడితే క్షణాల్లో చస్తాం. వెనక్కి పరిగెత్తుతూ, గాల్లోకి ఎగిరి తిరిగి ఒక షాట్ వేసి, మళ్లీ ముందుకి తిరిగి పరిగెత్తుతూ చాలాసేపు లాగాలి. క్లాసిక్‌లో 8 గజాల కంటే దగ్గరగా ఉన్నవాడి మీద బాణం వెయ్యలేం, 5 గజాల కంటే దూరంగా ఉన్నవాణ్ణి కత్తితో కొట్టలేం. మధ్యలో ఉన్న ఆ మూడు గజాల్లో హంటర్ నిరాయుధుడు. శత్రువుని ఆ మూడు గజాల్లోకి రానివ్వకుండా ఉండటమే పరీక్ష. ఇంకో ఒక్క షాట్ వేద్దామని నిలబడినవాడు అక్కడే దొరికిపోతాడు.

ఇక పెట్ ఎంపిక, తిండి. బాడ్‌ల్యాండ్స్‌లో బ్రోకెన్ టూత్ అనే పులి కోసం జనం పడిగాపులు పడేవారు. సెకనుకో దెబ్బ వేస్తుంది, మేజ్ కాస్ట్ చేస్తుంటే ప్రతి దెబ్బకీ కాస్ట్ వెనక్కి జరుగుతుంది. ఇతర ఆటగాళ్లతో పోరాడటానికి అది నిజంగా గొప్ప పెట్. డంజన్లకి మాత్రం దాని కోసం రాత్రంతా మేలుకోనక్కర్లేదు. వేగంగా కొట్టే పెట్ ఒక్కో దెబ్బ చిన్నదిగా ఉంటుంది, మొత్తం డ్యామేజ్ మామూలు పులికీ అంతే. పులి జాతి మొత్తానికీ డ్యామేజ్ కొంచెం ఎక్కువే. ఎక్కడో దొరికిన సాధారణ పులికి మంచి కాటూ పంజా నేర్పించుకుంటే చాలు. ఆ విద్యలు నేర్చుకోవాలంటే అవి తెలిసిన వేరే జంతువుని మచ్చిక చేసి, కొంతకాలం వెంట తిప్పుకుని, నేర్చుకుని, మన పెట్‌కి చెప్పాలి. ఈ తిరుగుడు నాకు ఆటలో అన్నిటికంటే ఇష్టమైన భాగం.

తిండి లెక్క మాత్రం సూటిగా ఉంటుంది. పెట్ సంతోషంగా ఉంటే 125 శాతం డ్యామేజ్, మామూలుగా ఉంటే 100, అసంతృప్తితో ఉంటే 75. పెట్ చచ్చిన ప్రతిసారీ సంతోషం బాగా పడిపోతుంది. పులి మాంసం, చేపలు తింటుంది, ఎలుగుబంటీ పందీ ఏది పెట్టినా తింటాయి. రైడ్‌కి వచ్చే ముందు బాణాలు లెక్కపెట్టుకునే హంటర్లు పెట్ తిండి మర్చిపోవడం చూస్తుంటాను. 125కీ 75కీ మధ్య తేడా ఏ కొత్త విల్లూ పూడ్చలేదు.

2008లో వచ్చిన విస్తరణలో పెట్ విశ్వాసం లెవెళ్లు తీసేశారు. 2010లో కాటక్లిజమ్‌తో బాణాలు తీసేశారు, 2011లో పెట్ సంతోషం కూడా తీసేశారు. బాణాల కట్టలు మోసే పని పోయినందుకు నాకు బాధ లేదు. ఒక సంచి మొత్తం దానికే పోయేది, అందులో ఆట ఏమీ లేదు. తిండి పెట్టాల్సిన అవసరం తీసెయ్యడం మాత్రం తప్పు నిర్ణయమని ఇప్పటికీ అనుకుంటాను. పెట్ ఎలా ఉందో మాటిమాటికీ చూసుకునే అలవాటు ఆ తిండి వల్లే వచ్చేది. ఆ చూపు అలవాటైనవాడికి డంజన్‌లో పెట్ ఎక్కడుందో, ఎవరిని కరుస్తోందో కూడా కనపడేది.

నాతో విభేదించేవాళ్లకి ఒక బలమైన వాదన ఉంది, దాన్ని దాటవెయ్యను. 60వ లెవెల్ రైడ్‌లలో పెట్ విలువ తక్కువ. క్లాసిక్‌లో మన ఆయుధాలూ కవచాలూ ఎంత మెరుగుపడినా పెట్‌కి అందులో వాటా రాదు. మోల్టెన్ కోర్‌లో మంటలకి అది ఇట్టే చచ్చిపోతుంది. మెండ్ పెట్ వెయ్యాలంటే బాణాలు ఆపి అయిదు సెకన్లు దాని మీదే ఉండాలి. అందుకే పెట్‌ని పక్కన పెట్టి కొట్టుకుపోయే మంచి హంటర్లు చాలామంది ఉన్నారు. కొన్ని బాస్‌ల దగ్గర వాళ్లది సరైన పనే. నేను కాదనను. అసలు ఈ పోరాటానికి పెట్ వద్దు అని ముందే తేల్చుకోవడం కూడా దాన్ని అదుపులో పెట్టుకోవడంలో భాగమే. నాకు అభ్యంతరం ఉన్నది ఆలోచించకుండా పంపి, చచ్చాక వదిలేసేవాళ్లతో.

2007 జనవరిలో వచ్చిన బర్నింగ్ క్రూసేడ్‌తో ఆ వాదన బలం తగ్గింది. మన ఆయుధ బలంలో కొంత వాటా పెట్‌కి వెళ్లడం మొదలైంది. మెండ్ పెట్ ఒకసారి వేసి వదిలేస్తే నెమ్మదిగా పనిచేస్తుంది, బాణాలు ఆపక్కర్లేదు. కిల్ కమాండ్ వచ్చింది: మన షాట్ క్రిట్ (మామూలుకంటే చాలా పెద్ద దెబ్బ) అయితే పెట్‌తో అదనపు దెబ్బ కొట్టించవచ్చు. పెట్ బలం మీద ఆధారపడే బీస్ట్ మాస్టరీ రకం హంటర్‌కి ఫెరోషియస్ ఇన్‌స్పిరేషన్ అనే నైపుణ్యం ఉంటే, పెట్ క్రిట్ కొట్టినప్పుడల్లా పార్టీలో అందరి డ్యామేజ్ 10 సెకన్ల పాటు 3 శాతం పెరుగుతుంది. అంటే పెట్ చచ్చిపోతే మన డ్యామేజే కాదు, పక్కనున్న నలుగురిదీ తగ్గుతుంది. బాస్ నేల మీద మంట వెయ్యబోతున్నాడని తెలిసి, రెండు సెకన్ల ముందు పెట్‌ని పిలిచి, మంట ఆరగానే మళ్లీ పంపే హంటర్‌కి ఆ రెండు సెకన్ల డ్యామేజ్ పోతుంది. పిలవని హంటర్‌కి పోరాటంలో మిగిలిన నాలుగైదు నిమిషాలదీ పోతుంది. మొదటి క్రూసేడ్ నాటి రైడ్‌లలోనూ, 2021లో క్లాసిక్‌గా మళ్లీ వచ్చినప్పుడూ మీటర్‌లో పై వరసలో ఉన్న బీస్ట్ మాస్టరీ హంటర్లందరిలోనూ నేను గమనించింది ఇదే: వాళ్ల పెట్‌లు చావవు.

ఆ తర్వాత ఆట వేరే దారి పట్టింది. 2014లో పెట్ లేకుండా ఆడేవారికి అదనపు డ్యామేజ్ ఇచ్చే లోన్ ఉల్ఫ్ వచ్చింది. 2016లో సర్వైవల్ అనే ఇంకో రకం హంటర్ చేతికి విల్లు తీసి బల్లెం ఇచ్చారు. ఎవరికి నచ్చినట్టు వాళ్లు ఆడుకోవచ్చు, విల్లు ఒక్కటే చాలనుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఒక్క మాట మాత్రం అంటాను. పెట్‌ని సంభాళించడం కష్టంగా ఉందని పెట్‌నే తీసేస్తే హంటర్ ఇంకో మేజ్ అవుతాడు, కాకపోతే బాణాలు వేసే మేజ్. మేజ్‌లకి ఈ ఆటలో కొరత లేదు.

కొత్తగా హంటర్ మొదలుపెట్టినవాళ్లు 60 దాకా ఆగకుండా, 20ల్లో ఉండగానే స్నేహితులతో డంజన్లకి వెళ్లండి. లోపలికి అడుగుపెట్టగానే గ్రౌల్ ఆపండి, పెట్‌ని పాసివ్‌లో పెట్టండి. పిలిచే కీ ఇప్పుడే ఎంచుకోండి. నాకైతే పంపడం మౌస్ పక్క బటన్ మీద, పిలవడం దాని కింది బటన్ మీద ఉంటాయి. ట్యాంక్ రెండు దెబ్బలు వేశాక పెట్‌ని పంపండి, మూడో దెబ్బ తర్వాత మీ మొదటి బాణం. శత్రువు ఆరోగ్యం అయిదో వంతుకి వచ్చి పారిపోబోతుంటే కంకసివ్ షాట్ వేసి కాళ్లు కట్టెయ్యండి, అది ఇంకో గుంపుని తీసుకురాకుండా. పెట్ దాని వెంట పరిగెత్తబోతుంటే పిలిచే కీ నొక్కండి. ఇదంతా చేసిన డంజన్‌లో మీ పేరు మీటర్‌లో మూడో స్థానంలో ఉండచ్చు. ట్యాంక్‌ని మాత్రం ఒకసారి అడగండి, తర్వాతి డంజన్‌కి కూడా నన్ను పిలుస్తావా అని.